భాగం 12: డేటాబేస్ వేగాన్ని కొలిచిన చరిత్ర – డెబిట్‌క్రెడిట్ నుంచి బహుళ కోర్ సర్వర్ల వరకు

12.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• డేటాబేస్ పనితీరును కొలిచే ప్రామాణిక పరీక్షలు (బెంచ్‌మార్కులు) ఎప్పుడు, ఎందుకు పుట్టాయో వివరించగలుగుతారు.
• కోర్ల సంఖ్య పెరిగినంత మాత్రాన డేటాబేస్ వేగం అదే నిష్పత్తిలో ఎందుకు పెరగదో లెక్కతో చూపగలుగుతారు.
• ట్యూనింగ్‌లో పాటించవలసిన క్రమాన్ని చెప్పగలుగుతారు.
• ఖమ్మం జిల్లా అనుభవం ఆధారంగా, కొలతను ఎక్కడ నిలబడి తీసుకోవాలో చర్చించగలుగుతారు.

12.1 పరిచయం

భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం వంటి అటవీ సరిహద్దు మండలాల్లో ఉపాధి హామీ పనికి వెళ్లే కూలీకి డేటాబేస్ అన్న మాటతో పనిలేదు. ఆమెకు కావలసినవి రెండే తేదీలు: పని చేసిన వారం ఎప్పుడు ముగిసింది, కూలి డబ్బు చేతికి ఎప్పుడు అందింది. ఈ రెండు తేదీల మధ్య ఆమె పేరు చాలా చోట్లకు ప్రయాణిస్తుంది. మస్టర్ రోల్, పని కొలతల నమోదు, మండల కేంద్రంలోని కంప్యూటర్, చెల్లింపు ఉత్తర్వు, చివరికి పోస్టాఫీసు లేదా బ్యాంకు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ప్రారంభమైంది. తొలి విడతలో దేశంలో ఎంపికైన 200 జిల్లాల్లో ఖమ్మం ఒకటి. కూలి డబ్బు 15 రోజుల లోపు చెల్లించాలని ఆ చట్టం నిర్దేశించింది.

"ఈ వ్యవస్థ వేగంగా పనిచేస్తోందా?" అని అడిగితే సర్వర్ గదిలోని ఇంజనీరు సెకనుకు ఎన్ని లావాదేవీలు పూర్తవుతున్నాయో చెబుతాడు. కూలీ ఎన్ని రోజులు ఎదురు చూసిందో చెబుతుంది. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. అయితే ఇద్దరూ కొలిచింది ఒకే వస్తువును కాదు. డేటాబేస్ పనితీరు కొలమానాల చరిత్ర అంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది. ఏది కొలవాలి, ఎక్కడ నిలబడి కొలవాలి, కొలిచిన దాన్ని ఇతరులు ఎలా నమ్మాలి అన్న మూడు ప్రశ్నలను గుర్తుంచుకొని ఈ భాగాన్ని చదవండి.

12.2 తొలి కొలతలు: 1983–1985

రిలేషనల్ డేటాబేస్‌లు మార్కెట్‌లోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో ప్రతి సంస్థా తమదే వేగమైనదని చెప్పుకొనేది. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చే సాధనం కొనుగోలుదారు చేతిలో లేదు. 1983లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెవిట్, ఆయన సహచరులు ఒక ప్రామాణిక పరీక్షను రూపొందించి, పలు వ్యవస్థల ఫలితాలను పేర్లతో సహా ప్రకటించారు. దాని పర్యవసానం ఆసక్తికరమైనది. అనుమతి లేకుండా పరీక్షా ఫలితాలను ప్రకటించరాదని కొన్ని సంస్థలు తమ లైసెన్సుల్లో నిబంధన చేర్చాయి. ఈ రకం నిబంధనను నేటికీ "డెవిట్ నిబంధన" అనే పిలుస్తారు. కొలత ఎవరి వ్యాపారాన్ని తాకుతుందో ఈ ఉదంతం తెలుపుతుంది.

విస్కాన్సిన్ పరీక్ష ఒకే వినియోగదారుడు ఒక్కో ప్రశ్న వేస్తే ఎంత సమయం పడుతుందో చూసింది. కాని బ్యాంకులో ఒకే సమయంలో వందల కౌంటర్లు పనిచేస్తాయి. ఈ లోపాన్ని పూరించినది డెబిట్‌క్రెడిట్ పరీక్ష. 1985 ఏప్రిల్ 1న డేటామేషన్ పత్రికలో ఇది వెలువడింది. అప్పట్లో టాండెం సంస్థలో పనిచేస్తున్న జిమ్ గ్రే దీనికి ప్రధాన రచయిత. పోటీ సంస్థలవారు కూడా చేయి వేసినందువల్ల వ్యాసం రచయితల పేర్లు లేకుండా, "అజ్ఞాత, తదితరులు" అన్న అర్థంలో వచ్చింది. లావాదేవీల నిర్వహణలో కృషికి గ్రే 1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్నారు.

డెబిట్‌క్రెడిట్ లావాదేవీ చాలా చిన్నది. ఖాతాదారు డబ్బు వేస్తాడు లేదా తీస్తాడు. అప్పుడు నాలుగు పనులు జరగాలి: ఖాతా నిల్వ మారాలి, టెల్లర్ నిల్వ మారాలి, శాఖ నిల్వ మారాలి, చరిత్ర పట్టికలో ఒక వరుస చేరాలి. ఈ పరీక్షలోని మూడు నియమాలు ముఖ్యమైనవి.

(అ) నూటికి 95 లావాదేవీలు ఒక సెకను లోపు పూర్తి కావాలి. సగటు వేగం ఎక్కువగా ఉండి, కొందరు మాత్రం చాలాసేపు నిలబడవలసి వచ్చే వ్యవస్థ ఇందులో నెగ్గదు.

(ఆ) వేగం ఎంత ప్రకటిస్తే డేటా అంత పెద్దదిగా ఉండాలి. సెకనుకు ఒక లావాదేవీకి 1,00,000 ఖాతాలు, 100 మంది టెల్లర్లు, 10 శాఖలు చొప్పున పట్టికలు ఉండాలి. ఈ నియమం లేకపోతే చిన్న పట్టికను మెమరీలో పెట్టుకొని ఎంత వేగమైనా చూపవచ్చు.

(ఇ) ఐదేళ్ల ఖర్చును లెక్కించి, ఒక్కో యూనిట్ వేగానికి ధర ఎంతో చెప్పాలి.

ఇక్కడ శాఖ పట్టికను గమనించండి. ఒక శాఖలోని టెల్లర్లందరూ ఆ శాఖకు చెందిన ఒకే వరుసను మార్చాలి. ఒకరు మారుస్తున్నంతసేపూ మిగిలినవారు ఆగాలి. ఈ చిన్న వరుస ముందు ఏర్పడే నిరీక్షణే 12.5లో మళ్లీ మనకు ఎదురవుతుంది.

12.3 టీపీసీ: తూకం రాయికి ముద్ర

సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకొనే గిరిజనుడికి వ్యాపారి తూకం మీద నమ్మకం కలగాలంటే తూకం రాయి మీద ప్రభుత్వ ముద్ర ఉండాలి. డేటాబేస్ రంగానికి 1980ల చివర ఇటువంటి ముద్ర అవసరమైంది. డెబిట్‌క్రెడిట్ పేరు చెప్పుకొంటూనే కొందరు తయారీదారులు టెర్మినళ్లను, నెట్‌వర్కును పరీక్ష నుంచి తొలగించారు. నిరీక్షణ పోయింది, అంకెలు పెరిగాయి. ఈ తేలికపాటి రూపానికి టీపీ1 అని పేరు వచ్చింది.

దీనికి జవాబుగా ఓమ్రీ సెర్లిన్ చొరవతో 1988 ఆగస్టులో ఎనిమిది సంస్థలు కలసి ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ పెర్ఫార్మెన్స్ కౌన్సిల్ (టీపీసీ)ను స్థాపించాయి. 1989లో టీపీసీ-ఏ, 1990లో టీపీసీ-బీ, 1992లో టీపీసీ-సీ వెలువడ్డాయి. ఫలితం ప్రకటించే సంస్థ తన యంత్రం, అమరికలు, ధర అన్నింటినీ పూర్తి నివేదికలో బయటపెట్టాలి. ఆ తరవాత స్వతంత్ర ఆడిటర్ పరిశీలన కూడా భాగమైంది. పరీక్షలో మార్కుల కోసమే తప్ప నిజమైన వినియోగదారుడికి పనికిరాని ప్రత్యేక సదుపాయాలను ఉత్పత్తిలో చేర్చడాన్ని కూడా కౌన్సిల్ నిషేధించింది.

టీపీసీ-సీ ఒక టోకు వ్యాపారాన్ని అనుకరిస్తుంది. ఒక్కో గోదాముకు 10 విక్రయ ప్రాంతాలు, ఒక్కో ప్రాంతానికి 3,000 మంది ఖాతాదారులు ఉంటారు. కొత్త ఆర్డరు, చెల్లింపు, ఆర్డరు స్థితి, సరఫరా, సరుకు నిల్వ అనే ఐదు రకాల లావాదేవీలు కలసి నడుస్తాయి. నిమిషానికి పూర్తయిన కొత్త ఆర్డర్ల సంఖ్యే ఫలితం. మనుషులు టైపు చేయడానికి, ఆలోచించడానికి పట్టే సమయాన్ని కూడా నియమాల్లో చేర్చినందువల్ల ఒక్కో గోదాము నుంచి నిమిషానికి సుమారు 12.86 ఆర్డర్లకు మించి రావు. ఎక్కువ వేగం చూపదలచినవారు ఎక్కువ గోదాములు నింపవలసిందే. విశ్లేషణ ప్రశ్నల కోసం 1999లో టీపీసీ-హెచ్, షేర్ల వ్యాపారాన్ని అనుకరిస్తూ 2007లో టీపీసీ-ఈ వచ్చాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. డేటా పరిమాణాన్ని వేగంతో ముడిపెట్టవలసిన అవసరం ఏమిటి?
2. టీపీ1లో తొలగించినవి ఏవి? దానివల్ల ఫలితం ఎలా మారింది?

12.4 ఒక ప్రాసెసర్ నుంచి అనేక కోర్లకు: 2001–2005

2000వ సంవత్సరం వరకు డేటాబేస్ నిర్వాహకులకు ఒక సౌకర్యం ఉండేది. ప్రోగ్రాము మార్చకపోయినా రెండు మూడేళ్లకొకసారి కొత్త యంత్రం కొంటే వేగం పెరిగేది. కారణం, ప్రాసెసర్ గడియార వేగం ఏటేటా పెరగడమే. వేగం పెరిగేకొద్దీ వేడి, విద్యుత్తు వినియోగం కూడా పెరిగి ఈ దారి మూసుకుపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనను ఇంటెల్ 2004లో విరమించుకొంది. ఒకే చిప్ మీద రెండు కోర్లున్న పవర్4ను ఐబీఎం అప్పటికే 2001లో తెచ్చింది. 2005లో ఏఎండీ, ఇంటెల్ సంస్థల రెండు కోర్ల చిప్‌లు సాధారణ సర్వర్లలోకి, కంప్యూటర్లలోకి వచ్చాయి. అదే ఏడాది సన్ సంస్థ ఎనిమిది కోర్లు, 32 థ్రెడ్‌లు గల అల్ట్రాస్పార్క్ టీ1ను విడుదల చేసింది.

దీనితో ప్రశ్న మారింది. "ఈ యంత్రం ఎంత వేగంగా నడుస్తుంది?" అన్నది పాత ప్రశ్న. "ఇంతమంది ఒకేసారి పనిచేస్తే ఒకరికొకరు ఎక్కడ అడ్డు వస్తారు?" అన్నది కొత్త ప్రశ్న.

12.5 కోర్లు పెరిగాయి, క్యూలు మిగిలాయి

ఈ ప్రశ్నకు లెక్కను జీన్ ఆమ్డాల్ 1967లోనే ఇచ్చారు. పనిలో కొంత భాగం ఒకరి తరవాత ఒకరు చేయవలసినదైతే, ఎన్ని కోర్లు పెట్టినా ఆ భాగం తగ్గదు. ఒక ఉదాహరణ చూడండి. పనిలో 10 శాతం వరుసక్రమంలో జరగవలసినది, 90 శాతం పంచుకోదగినది అనుకొందాం.

16 కోర్లతో వేగం: 1 ÷ (0.10 + 0.90/16) = 6.4 రెట్లు
64 కోర్లతో వేగం: 1 ÷ (0.10 + 0.90/64) = సుమారు 8.8 రెట్లు

కోర్లు నాలుగింతలైనా లాభం 6.4 నుంచి 8.8కే పెరిగింది. కోర్లు ఎన్ని పెట్టినా 10 రెట్లను చేరుకోలేం. నిజజీవితం ఇంతకన్నా కఠినం. కోర్లు పరస్పరం సమాచారాన్ని సరిచూసుకోవడానికే సమయం ఖర్చయితే, ఒక దశ దాటాక వేగం పడిపోతుందని కూడా నీల్ గుంథర్ 1990లలో సూత్రీకరించారు.

డేటాబేస్‌లో ఆ 10 శాతం ఎక్కడ దాగి ఉంటుంది? 2008లో హారిజోపౌలోస్, అబాది, మాడెన్, స్టోన్‌బ్రేకర్ ఒక పరిశోధనాత్మక డేటాబేస్‌ను విడదీసి, టీపీసీ-సీ తరహా లావాదేవీల్లో సూచనలు దేనికి ఖర్చవుతున్నాయో లెక్కించారు. లాగ్ రాయడం, లాక్‌లు, లాచ్‌లు, బఫర్ నిర్వహణ వంటి వాటికే అధికభాగం పోయింది. అసలు పనికి మిగిలింది పదో వంతు కన్నా తక్కువ. ఇవన్నీ ఒక్క ప్రాసెసర్ కాలంలో, నెమ్మది డిస్కుల కాలంలో చేసిన ఏర్పాట్లు.

2010లో ఎంఐటీ పరిశోధకులు 48 కోర్ల యంత్రం మీద లినక్స్‌ను, దానిపై పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను పరీక్షించారు. ఇక్కడ బయటపడిన అడ్డంకి పాఠకులను ఆశ్చర్యపరుస్తుంది. ప్రశ్నకు జవాబు వెదికే ముందు పోస్ట్‌గ్రెస్ పట్టిక ఫైలు ఎంత పెద్దదో ఆపరేటింగ్ వ్యవస్థను అడుగుతుంది. ఆ పరిమాణం చెప్పడానికి లినక్స్ ఒక తాళం వేసేది. కొద్ది కోర్లున్నప్పుడు అది ఎవరి కంటా పడలేదు. 48 కోర్లు ఒకేసారి అడిగేసరికి ఆ తాళం ముందే పెద్ద క్యూ ఏర్పడింది. పోస్ట్‌గ్రెస్ లోపలి లాక్ పట్టికను 16 భాగాలుగా చేసిన ఏర్పాటు కూడా చాలలేదు. పరిశోధకులు దాన్ని 1,024 భాగాలు చేశారు. తరవాత లినక్స్‌లోనూ ఆ తాళాన్ని సరిచేశారు. 2012లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.2, చదివే ప్రశ్నల విషయంలో 64 కోర్ల వరకు వేగం పెరుగుతుందని ప్రకటించింది.

కథ అక్కడితో ముగియలేదు. 2014లో మరొక బృందం 1,000 కోర్లను కంప్యూటర్‌లో అనుకరించి, ఏకకాల లావాదేవీలను నియంత్రించే ఏడు పద్ధతులను పరీక్షించింది. ఏడూ వేరువేరు కారణాలతో విఫలమయ్యాయి. ఈ చరిత్ర నుంచి మీరు గ్రహించవలసినది: ఒక అడ్డంకి తొలగితే నిరీక్షణ మాయం కాదు, తరవాతి అడ్డంకి దగ్గరకు జరుగుతుంది.

12.6 ట్యూనింగ్: కొలత నుంచి సవరణకు

అందువల్ల ట్యూనింగ్ అంటే కొన్ని అమరికల అంకెలను పెంచడం కాదు. దానికి ఒక క్రమం ఉంది.

(అ) ముందు కొలవండి. ఏ మార్పూ చేయకుండా ప్రస్తుత స్థితిని నమోదు చేయండి. సగటుతో పాటు, నూటికి 95 మంది ఎంత సమయంలో బయటపడ్డారో చూడండి.

(ఆ) ఎక్కడ ఆగుతోందో కనుక్కోండి. కోర్లు ఖాళీగా ఉండి పని నెమ్మదిగా సాగుతుంటే లోపం ప్రాసెసర్‌లో లేదు. లాక్, డిస్కు, నెట్‌వర్కులలో ఎక్కడో ఉంది.

(ఇ) ఒకసారికి ఒకే మార్పు చేయండి. రెండు కలిపి మారిస్తే ఫలితం దేనిదో తెలియదు.

(ఈ) రద్దీని అదుపు చేయండి. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, వ్యవస్థలో ఉన్న పనుల సంఖ్య = వేగం × ఒక్కో పనికి పట్టే సమయం. సెకనుకు 200 లావాదేవీలు చేయగల సర్వర్‌లోకి ఎప్పుడూ 1,000 పనులను నింపి ఉంచితే ఒక్కొక్కటి 5 సెకన్లు పడుతుంది. పైగా కోర్లు వాటి మధ్య మారుతూ మరింత అలసిపోతాయి. అందుకే కనెక్షన్లను పరిమితం చేసి, మిగిలినవాటిని బయట వరుసలో ఉంచుతారు. తెలంగాణలో 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణిలో భూమి రిజిస్ట్రేషన్‌కు ముందుగా స్లాట్ బుక్ చేసుకోవడం మీకు తెలిసే ఉంటుంది. లోపలికి వచ్చే రద్దీని ముందే నియంత్రించడమన్న ఆలోచన రెండింటిలోనూ ఒకటే.

(ఉ) డేటాను విభజించండి. అందరూ ఒకే పట్టిక మీద పడకుండా మండలాల వారీగా పంచితే ఒకరి పని మరొకరికి అడ్డు రాదు.

ఈ చివరి సూత్రాన్ని అమలు చేసేటప్పుడు ఖమ్మం చరిత్ర ఒక హెచ్చరిక చేస్తుంది. 1953లో వరంగల్ నుంచి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు అందులో చేరాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, ఆ మండలంలోని పల్లెలు అవతలి రాష్ట్రంలో చేరాయి. 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అప్పుడే వాజేడు, వెంకటాపురం జయశంకర్ భూపాలపల్లికి, 2019లో ములుగుకు మారాయి. జిల్లా కోడ్‌ను జాబ్ కార్డు సంఖ్యలోనో, భూమి గుర్తింపు సంఖ్యలోనో కలిపేసే డేటాబేస్‌లో ఇటువంటి ప్రతి మార్పుకూ లక్షల వరుసలను తిరగరాయాలి. కాబట్టి విభజనకు వాడే కాలమ్ వేరు, మనిషిని గుర్తించే సంఖ్య వేరుగా ఉంచడం మంచిది.

అభ్యాసం: మీ అధ్యయన కేంద్రంలో పోస్ట్‌గ్రెస్ ఉన్న కంప్యూటర్ దొరికితే, దానితో పాటు వచ్చే పీజీబెంచ్‌ను నడపండి. ఇది టీపీసీ-బీ ఆధారంగా తయారైనది, అంటే డెబిట్‌క్రెడిట్ వంశంలోనిదే. 1, 2, 4, 8, 16 క్లయింట్లతో వేగాన్ని, ప్రతిస్పందన కాలాన్ని పట్టికగా రాయండి. స్కేల్ అంకె క్లయింట్ల సంఖ్య కన్నా తక్కువగా పెట్టి మరొకసారి నడపండి. శాఖల వరుసలు చాలక క్యూ ఎలా ఏర్పడుతుందో మీరే చూస్తారు.

12.7 కూలీ వైపు నుంచి కొలత: ఖమ్మం అనుభవం

ఇప్పుడు పరిచయంలోని కూలీ దగ్గరకు వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010–2012 మధ్య ఉపాధి హామీ కూలి, సామాజిక భద్రతా పింఛన్ల చెల్లింపుకు వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్ కార్డులను ప్రవేశపెట్టారు. పోస్టాఫీసుకు వెళ్లే బదులు ఊళ్లోనే బ్యాంకు ప్రతినిధి దగ్గర డబ్బు తీసుకొనే ఏర్పాటు ఇది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌టంకర్ దీన్ని ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో పరీక్షించారు. ఆ జిల్లాల్లో ఖమ్మం ఒకటి. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తరవాత ప్రవేశపెట్టాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. రికార్డులతో సరిపెట్టుకోకుండా ఇంటింటికీ వెళ్లి అడిగారు.

ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. కూలి తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 22 నిమిషాలు, అంటే ఐదో వంతు తగ్గింది. డబ్బు సుమారు 6 నుంచి 10 రోజులు ముందుగా అందింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము కూడా తగ్గింది. రెండేళ్ల తరవాత కూడా ఆ మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి వచ్చాయన్నది గమనార్హం.

దీన్ని ఈ భాగంలో ఎందుకు చెబుతున్నామో మీరు ఊహించగలరు. మంచి ప్రామాణిక పరీక్షకు కావలసిన లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. పని ఒకటే, మార్పు ఒకటే, పోలిక న్యాయమైనది, తనిఖీ బయటివారిది. కొలత మాత్రం సర్వర్ దగ్గర కాక, కూలీ గడప దగ్గర జరిగింది.

ఇప్పుడు ఆమ్డాల్ సూత్రాన్ని మొత్తం దారికి వర్తింపజేయండి. ఒక చెల్లింపుకు 30 రోజులు, అంటే 25,92,000 సెకన్లు పడుతోందనుకొందాం. అందులో డేటాబేస్ లావాదేవీకి అర సెకను పడితే, దాన్ని పదింతలు వేగవంతం చేసినా కూలీకి మిగిలేది 0.45 సెకను. నిరీక్షణ చెల్లింపు చేరే దారిలో ఉంటే సవరణ కూడా అక్కడే జరగాలి.

అలాగని సర్వర్ ట్యూనింగ్ అనవసరమని భావించరాదు. గడువు చివరి రోజున మండలాలన్నీ ఒకేసారి వివరాలు పంపితే సర్వర్ ముందు క్యూ కట్టి, ఆ రోజు పని మరునాటికి జరుగుతుంది. అప్పుడు అర సెకను కూడా వేలసార్లు గుణించబడుతుంది. ఏ సందర్భంలో ఏది అడ్డంకో చెప్పగలిగేది కొలత ఒక్కటే. 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిని తొలుత నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. వాటిలో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. ఇటువంటి ప్రయోగాల్లో సెకన్లతో పాటు, దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి పని పూర్తయిన రోజు వరకు ఎన్ని రోజులో కూడా నమోదు చేయాలని ఈ చరిత్ర మనకు నేర్పుతుంది.

12.8 సారాంశం

1985లో డెబిట్‌క్రెడిట్, 1988లో టీపీసీ డేటాబేస్ వేగానికి ఉమ్మడి కొలమానాన్ని ఇచ్చాయి. 2005 తరవాత బహుళ కోర్ యంత్రాలు రావడంతో వేగం కన్నా నిరీక్షణ ప్రధాన సమస్య అయింది. వరుసక్రమంలో జరిగే చిన్న భాగమే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. ఒక అడ్డంకిని తొలగిస్తే మరొకటి బయటపడుతుంది. ట్యూనింగ్ కొలతతో మొదలై కొలతతోనే ముగియాలి. ఆ కొలతను ఎదురుచూసే మనిషి దగ్గర నుంచి తీసుకొన్నప్పుడే ఏది సరిచేయాలో స్పష్టమవుతుందని ఖమ్మం అనుభవం తెలుపుతుంది.

12.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. డెబిట్‌క్రెడిట్ నుంచి టీపీసీ-సీ వరకు ప్రామాణిక పరీక్షల పరిణామాన్ని వివరించండి.
2. బహుళ కోర్ సర్వర్లలో డేటాబేస్ వేగం పరిమితం కావడానికి కారణాలను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పనిలో 5 శాతం వరుసక్రమంలో జరగవలసినదైతే 20 కోర్లతో ఎన్ని రెట్ల వేగం వస్తుంది?
2. జిల్లా సరిహద్దుల మార్పు డేటా విభజనపై చూపే ప్రభావమేమిటి?
3. మీ మండలంలోని ఏదైనా ఒక ప్రభుత్వ సేవను తీసుకొని, దాని వేగాన్ని ఎక్కడి నుంచి ఎక్కడి వరకు కొలవాలో సూచించండి.